ఐటీఐ కుర్రాడిని పనిలో పెట్టుకుంటే ఓనర్ జేబులోంచి పోయేది ఎంత? ప్రభుత్వం ఇచ్చేది ఎంత? పూర్తి లెక్క ఇదీ..

జీడిమెట్ల వెళ్లండి, చర్లపల్లి వెళ్లండి, విజయవాడ ఆటోనగర్ వెళ్లండి.. షెడ్ల గేట్లకు వేలాడే బోర్డులు ఒకేలా ఉంటాయి. ‘టర్నర్ కావలెను’, ‘వెల్డర్ కావలెను’. ఇంకోపక్క ఐటీఐ పాసై, సర్టిఫికెట్‌ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకుని తిరిగే కుర్రాళ్లు. వాళ్లని అడిగితే ‘ఎక్స్‌పీరియన్స్ లేదని పంపించేస్తున్నారు’ అంటారు. ఓనర్‌ని అడిగితే ‘వాళ్లకు పని రాదండీ, కూర్చోబెట్టి నేర్పించే టైమ్ మాకెక్కడిది’ అంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే.

పెద్ద కంపెనీకి హెచ్‌ఆర్ ఉంటుంది, ట్రైనింగ్ సెంటర్ ఉంటుంది, కాగితాలు చూసుకోవడానికి మనుషులుంటారు. చిన్న షెడ్డులో ఓనరే హెచ్‌ఆర్, ఓనరే అకౌంటెంట్. ఆర్డర్ లేటయితే ఓనరే లేత్ ముందు నిలబడతాడు. అలాంటి చోట కొత్తవాడిని తీసుకోవడమంటే కొన్ని నెలలపాటు ఎదురు పెట్టుబడి పెట్టడమే. జాబ్ పాడు చేస్తాడు, మెటీరియల్ వేస్ట్ చేస్తాడు, సీనియర్ టైమ్ తింటాడు. ఆ ఖర్చులో కొంత భాగం కేంద్రం భరించే పథకాలు ఉన్నాయి. పేర్లు చాలామంది వినే ఉంటారు. లెక్క మాత్రం ఎవరూ కూర్చుని చెప్పరు. ఇక్కడ ఆ లెక్కే చూద్దాం.

నలుగురు పనిచేస్తున్నా చాలు

మన దేశంలో అప్రెంటిస్‌ల చట్టం ఇప్పటిది కాదు, 1961 నాటిది. ‘అప్రెంటిస్ అంటే రైల్వే, బీహెచ్‌ఈఎల్ లాంటి చోట్లే’ అనే అభిప్రాయం మన దగ్గర బాగా పాతుకుపోయింది. కానీ 2019లో రూల్స్ మార్చారు. 30 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే సంస్థ అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. మొత్తం సిబ్బందిలో 2.5 శాతం నుంచి 15 శాతం వరకు తీసుకోవాలి. అంతకుముందు ఈ గీత 40 మంది దగ్గర ఉండేది.

చిన్నవాళ్లకు పనికొచ్చే మాట దీని తర్వాత ఉంది. 4 నుంచి 29 మంది వరకు ఉన్న సంస్థలు ఇష్టమైతే తీసుకోవచ్చు, బలవంతం లేదు. కాంట్రాక్ట్ మీద పనిచేసేవాళ్లు కూడా ఈ లెక్కలోకి వస్తారు. అంటే ఏడుగురున్న లేత్ షాపు, పది మందితో నడిచే ఏసీ సర్వీస్ సెంటర్, ఆరుగురున్న కార్ల గ్యారేజీ.. వీళ్లంతా అర్హులే. ఏడుగురున్న చోట 15 శాతం అంటే ఒక్కడు. ఆ ఒక్కడి గురించే మనం మాట్లాడుకుంటున్నాం.

నెలకు ఎంత పడుతుంది?

అప్రెంటిస్‌కి ఇచ్చేది జీతం కాదు, స్టైపెండ్. 2019 రూల్స్ ప్రకారం ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు ప్రాథమిక రేటు నెలకు 7,000 రూపాయలు. అయితే ఐటీఐలో చదివిన కాలాన్ని కూడా ట్రైనింగ్‌గా లెక్కేస్తారు. అందుకే వెల్డర్ లాంటి ఏడాది ట్రేడ్ చదివినవాళ్లకు 10 శాతం కలిపి 7,700.. ఫిట్టర్, టర్నర్, ఎలక్ట్రీషియన్ లాంటి రెండేళ్ల ట్రేడ్ చదివినవాళ్లకు 15 శాతం కలిపి 8,050 అవుతుంది. ఇది కనీసం మాత్రమే. ఎక్కువ ఇస్తామంటే ఎవరూ ఆపరు.

ఇందులో ప్రభుత్వం వాటా ఎంత? నేషనల్ అప్రెంటిస్‌షిప్ ప్రమోషన్ స్కీమ్, షార్ట్‌గా న్యాప్స్, 2016లో మొదలైంది. స్టైపెండ్‌లో 25 శాతం, గరిష్ఠంగా నెలకు 1,500 రూపాయలు కేంద్రం ఇస్తుంది. 8,050లో పాతిక శాతం అంటే 2 వేలు దాటుతుంది కాబట్టి పరిమితి 1,500 దగ్గర ఆగిపోతుంది. ఓనర్ చేతి నుంచి పోయేది 6,550. ఏడాదికి 78,600 రూపాయలు.

మొదట్లో ఓనరే మొత్తం ఇచ్చి, తర్వాత బిల్లు పెట్టుకుని ప్రభుత్వం వాటా రాబట్టుకోవాల్సి వచ్చేది. చిన్నవాళ్లకు అది పెద్ద తలనొప్పి. 2023 నుంచి పద్ధతి మారింది. ప్రభుత్వం వాటా నేరుగా కుర్రాడి బ్యాంకు ఖాతాలోనే పడుతుంది, ఓనర్ తన వాటా వేస్తే చాలు. అందుకే ఆ ఖాతాకు ఆధార్ లింక్ అయి ఉందా లేదా అన్నది మొదటి రోజే చూసుకోవాలి. లింక్ లేకపోతే ‘మా ఓనర్ 1,500 నొక్కేశాడు’ అని కుర్రాడు అనుకుంటాడు, గొడవ అక్కడ మొదలవుతుంది.

ఇంకో మాట. ఈ రేట్లు సరిపోవడం లేదని 2025 మేలో జరిగిన సెంట్రల్ అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ సమావేశం స్టైపెండ్‌ని 36 శాతం పెంచాలని సిఫార్సు చేసింది. కాబట్టి మీరు కాంట్రాక్ట్ వేసే రోజున పోర్టల్‌లో ఏ రేటు చూపిస్తే దాన్నే లెక్కలోకి తీసుకోండి.

పాలిటెక్నిక్ డిప్లొమా, ఇంటర్ ఒకేషనల్ చేసినవాళ్లకు దారి వేరు. వాళ్లది న్యాట్స్ అనే పథకం. అందులో కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రమే ఇస్తుంది. మన రెండు రాష్ట్రాలకు దీన్ని చూసేది చెన్నైలోని బోర్డ్ ఆఫ్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్.

నోటి మాట ‘ట్రైనీ’తోనే చిక్కు

‘మన దగ్గర ట్రైనీగా ఉండు, ఆర్నెల్లు చూసి జీతం మాట్లాడదాం’.. ఈ డైలాగ్ వినని ఐటీఐ కుర్రాడు ఉండడేమో. ఓనర్‌కి కూడా ఇదే సులువు అనిపిస్తుంది. కాగితం లేదు, తలనొప్పి లేదు. కానీ నిజానికి ఎక్కువ రిస్క్ ఇందులోనే ఉంది.

ఎందుకంటే.. పోర్టల్‌లో కాంట్రాక్ట్ రిజిస్టర్ అయితేనే అతను చట్టం దృష్టిలో అప్రెంటిస్. అప్పుడు అతన్ని వర్కర్‌గా కాకుండా శిక్షణ పొందేవాడిగా చూస్తారు, పీఎఫ్, ఈఎస్‌ఐ కట్టక్కర్లేదు. కాంట్రాక్ట్ లేకపోతే మీరు ట్రైనీ అని పిలిచినా, తమ్ముడు అని పిలిచినా అతను మామూలు వర్కరే. కనీస వేతనం ఇవ్వాలి. పది మంది దాటిన చోట ఈఎస్‌ఐ, 20 మంది దాటిన చోట పీఎఫ్ వర్తిస్తాయి. పైగా 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లతో పనిలో చేరే ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాల్సిందే.

అలాగని అప్రెంటిస్ అంటే చవకగా దొరికిన చెయ్యి అనుకుంటే పొరపాటు. చట్టం కొన్ని గట్టి గీతలు గీసింది. పీస్ రేటు మీద డబ్బులివ్వకూడదు. అంటే ‘రోజుకు ఇన్ని బుష్‌లు తీస్తే ఇంత’ అనే లెక్క అప్రెంటిస్‌కి పనికిరాదు. ఓవర్‌టైమ్ చేయించాలంటే అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనుమతి కావాలి. స్టైపెండ్ వచ్చే నెల పదో తేదీలోపు పడిపోవాలి. పని చేస్తుండగా దెబ్బ తగిలితే పరిహారం బాధ్యత యజమానిదే. ఈ చివరి పాయింట్ ఓనర్లు చాలామంది మర్చిపోతారు. ఈఎస్‌ఐ లేదు కాబట్టి వైద్యం ఖర్చు గాల్లో ఉండిపోకూడదు. ఒక యాక్సిడెంట్ పాలసీ తీసుకోవడం మంచిది. ఒక వేలు పోయాక వచ్చే ఖర్చుతో పోలిస్తే ప్రీమియం పెద్ద లెక్క కాదు.

నేర్పించాక పక్క షాపువాడు ఎత్తుకుపోతే?

ఓనర్ల అసలు భయం స్టైపెండ్ గురించి కాదు, దీని గురించి. ఏడాది కష్టపడి తయారు చేస్తే, వెయ్యి రూపాయలు ఎక్కువిచ్చి పక్క షెడ్డువాడు లాగేసుకుంటాడు.

చట్టం ఏమంటుందంటే.. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇవ్వాలన్న బాధ్యత ఓనర్‌కి లేదు. అక్కడే చేరాలన్న బలవంతం అప్రెంటిస్‌కీ లేదు. కానీ ‘శిక్షణ తర్వాత ఇక్కడే పనిచేయాలి’ అని కాంట్రాక్ట్‌లో షరతు రాసుకుంటే ఇద్దరూ కట్టుబడాలి. ఓనర్ తగిన ఉద్యోగం ఇవ్వాలి, కుర్రాడు చేరాలి. షరతు ఒకవైపు మాత్రమే పనిచేయదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు లాక్కుని బీరువాలో పెట్టుకోవడం మన దగ్గర కొందరికి అలవాటు. దయచేసి ఆ పని చేయకండి. పారిపోవాలనుకున్నవాడు ఎలాగూ పారిపోతాడు, ఉండాలనుకున్నవాడు మాత్రం ఆ రోజు నుంచే వేరే చోటు వెతకడం మొదలుపెడతాడు. దానికంటే చేరిన రోజే ‘ఏడాది తర్వాత జీతం ఇంత’ అని కాగితం మీద రాసిచ్చేస్తే నయం. పక్క షాపువాడు వెయ్యి ఎక్కువ చూపించినప్పుడు కుర్రాడి చేతిలో పోల్చి చూసుకోవడానికి ఒక అంకె ఉంటుంది.

మార్కులు కాదు, వెర్నియర్ ఇవ్వండి

ఐటీఐ అంటే అన్నీ ఒకేలా ఉండవు. కొన్నిచోట్ల మిషన్లు బాగుంటాయి, కొన్నిచోట్ల పాతవి, ఇంకొన్ని ప్రైవేటు ఐటీఐల్లో మిషన్ మీద చెయ్యి పడే అవకాశమే తక్కువ. ఇప్పుడిప్పుడే మార్పు మొదలైంది. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపనతో మొదలైంది. కేంద్రం కూడా దేశవ్యాప్తంగా వెయ్యి ప్రభుత్వ ఐటీఐల కోసం 60 వేల కోట్ల రూపాయలతో పీఎం-సేతు పథకాన్ని 2025 అక్టోబర్‌లో ప్రారంభించింది. కానీ మీ గేటు ముందు ఇవాళ నిలబడ్డ కుర్రాడు పాత మిషన్ల మీద నేర్చుకున్నవాడే అయ్యుండొచ్చు. కాబట్టి మెమో చూసి అంచనా వేయకండి.

అరగంట టెస్ట్ చాలు. టర్నర్ లేదా ఫిట్టర్ అయితే చేతికి వెర్నియర్ క్యాలిపర్ ఇచ్చి ఒక షాఫ్ట్ కొలవమనండి. మిల్లీమీటర్‌లో 0.02 వరకు చదవగలుగుతున్నాడా చూడండి. ఒక చిన్న డ్రాయింగ్ ముందు పెట్టి ‘ఇందులో ఏ సైజు తప్పితే జాబ్ రిజెక్ట్ అవుతుంది?’ అని అడగండి. వెల్డర్ అయితే రెండు ముక్కలు అతికించమనండి, అతికించాక కాదు, అంతకుముందు చూడండి. తుప్పు గీకాడా, అద్దం పెట్టుకున్నాడా, ఎర్త్ క్లాంప్ సరిగ్గా బిగించాడా.. అసలు వెల్డర్ అక్కడే తెలిసిపోతాడు. ఎలక్ట్రీషియన్ అయితే వైర్ ముట్టుకునే ముందు టెస్టర్ తీశాడా లేదా అన్నది చాలు.

తెలియదు అని చెప్పిన కుర్రాడిని వెంటనే పంపించేయకండి. నా లెక్కలో అయితే ‘తెలియదు సార్, ఒకసారి చూపించండి’ అన్నవాడే ముందు వరసలో ఉండాలి. అన్నీ వచ్చని చెప్పి చక్‌లో చక్ కీ వదిలేసి మిషన్ ఆన్ చేసేవాడితో ప్రమాదం.

మొదటి మూడు నెలలే కీలకం

ఇక్కడ సొంత విషయం ఒకటి చెప్పాలి. మా పెద్దమ్మ కొడుకు ఐటీఐ ఫిట్టర్. పాసైన వెంటనే ఒక వర్క్‌షాప్‌లో చేరాడు. పేరు అనవసరం. నాలుగు నెలలు చేసిన పని ఏంటంటే.. టీ తేవడం, లేత్ కింద ఐరన్ బుర్ర ఊడ్వడం, ఓనర్ గారి బైక్ కడగడం. డ్రాయింగ్ చూడబోతే ‘నీకెందుకురా’ అని మేస్త్రి కసిరేవాడట. ఐదో నెలలో మానేశాడు. ఇప్పుడు ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు, నెలకు అంతకంటే ఎక్కువే వస్తోంది. రెండేళ్లు నేర్చుకున్న ఫైలింగ్, మార్కింగ్ అన్నీ పోయాయి. ఆ వర్క్‌షాప్ గేటుకి ‘ఫిట్టర్ కావలెను’ బోర్డు ఇంకా ఉందని వాడే నవ్వుతూ చెప్పాడు. నేను నవ్వలేకపోయాను.

ఊడ్వడం తప్పేమీ కాదు, షెడ్డులో అందరూ ఊడుస్తారు. నాలుగు నెలలూ అదే అయితే కష్టం. అందుకే మొదటి వారంలోనే ఓనర్ చేయాల్సిన పని ఒకటుంది. మేస్త్రిని కూర్చోబెట్టి మాట్లాడాలి. నేర్పించేది ఓనర్ కాదు, మేస్త్రి. ఆయనకు ఒక భయం ఉంటుంది.. ఈ కుర్రాడు నేర్చుకుంటే రేపు నా అవసరం తగ్గుతుందేమో అని. ఆ భయం పోకుండా పని నేర్పడు. ‘అన్నా, వీడు తయారైతే నీ ఖాతాలో మంచి పేరు, నెలకు ఇంత అదనం’ అని చెప్పి చూడండి. కొన్ని వందల రూపాయలతో తేలిపోయే విషయం ఇది.

తర్వాత ఒక నోట్‌బుక్. రోజూ సాయంత్రం కుర్రాడు అందులో రెండు లైన్లు రాయాలి.. ఇవాళ ఏ జాబ్ చేశాను, ఎక్కడ తప్పాను. శనివారం ఓనర్ పది నిమిషాలు చూసి సంతకం పెట్టాలి. రెండు వారాలు వరుసగా ‘క్లీనింగ్’ అనే రాసి ఉంటే తప్పు ఎక్కడుందో ఓనర్‌కే తెలుస్తుంది.

సేఫ్టీ మాట మొదటి రోజే చెప్పాలి. లేత్, డ్రిల్లింగ్ మిషన్ల దగ్గర గ్లౌజులు వద్దు, వేలాడే చేతులు వద్దు, మెడలో తాయెత్తు లోపలికి వేసుకోవాలి. గ్రైండింగ్ దగ్గర కళ్లద్దాలు తప్పనిసరి. ‘నేను ఇరవై ఏళ్లుగా అద్దాలు లేకుండానే చేస్తున్నా’ అనే సీనియర్ ఒకడు ప్రతి షెడ్డులో ఉంటాడు. కొత్తవాడు అతన్నే చూసి నేర్చుకుంటాడు. అందుకని అద్దాలు ముందు సీనియర్‌కి పెట్టించాలి.

ఊరి నుంచి వచ్చిన కుర్రాడికి మొదటి నెల గడవడం చాలా కష్టం. రూమ్ అడ్వాన్స్, మెస్ డబ్బులు, బస్సు.. స్టైపెండ్ చేతికొచ్చేసరికి నలభై రోజులు అవుతుంది. చాలామంది మానేసేది పని కష్టమై కాదు, ఈ నలభై రోజులు గడవక. స్టైపెండ్‌లో కొంత ముందే ఇవ్వగలిగితే ఇవ్వండి. అమ్మాయిలను తీసుకునే ఆలోచన ఉంటే ముందు టాయిలెట్ సంగతి చూడండి. అది లేకుండా మిగతా ఏ మాటా నిలబడదు.

అప్రెంటిస్ వద్దు, నేరుగా ఉద్యోగమే ఇస్తామంటే?

దానికీ ఒక పథకం ఉంది. ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 మధ్య ఇచ్చిన ఉద్యోగాలకు ఇది వర్తిస్తుంది. మొదటిసారి పీఎఫ్‌లో చేరిన ఉద్యోగికి ఒక నెల వేతనం, గరిష్ఠంగా 15 వేల రూపాయలు, రెండు విడతల్లో వస్తుంది. మొదటిది ఆర్నెల్లకు, రెండోది ఏడాదికి. రెండోది అందాలంటే ఒక ఆర్థిక అవగాహన కోర్సు కూడా పూర్తి చేయాలి.

ఓనర్‌కి వచ్చేది వేరు. పీఎఫ్ వేతనం 10 వేల నుంచి 20 వేల మధ్య ఉంటే అదనంగా చేర్చుకున్న ఒక్కొక్కరికి నెలకు 2,000.. 20 వేలు దాటితే 3,000. రెండేళ్లు ఇస్తారు, తయారీ రంగమైతే మూడో, నాలుగో ఏడాది కూడా. షరతులు రెండు. 50 మంది లోపు ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని అదనంగా తీసుకోవాలి. వాళ్లు కనీసం ఆరు నెలలు కొనసాగాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. 22 మంది ఉన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్ 14 వేల పీఎఫ్ వేతనంతో ఇద్దరు వెల్డర్లను కొత్తగా తీసుకుంది. నెలకు ఇద్దరికీ కలిపి 4,000. రెండేళ్లకు 96 వేలు. తయారీ యూనిట్ కాబట్టి నాలుగేళ్లు నిలబెట్టుకుంటే 1.92 లక్షలు. ఇక ఆ వెల్డర్లకు ఇదే మొదటి ఉద్యోగమైతే ఒక్కొక్కరికి 14 వేలు వేరుగా వస్తాయి.

ఇందులో మెలిక.. మీ సంస్థకు పీఎఫ్ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఏడుగురున్న షాపుకు అది సాధారణంగా ఉండదు. స్వచ్ఛందంగా తీసుకోవచ్చు, కానీ తీసుకున్నాక అందరికీ కట్టాలి. అందుకే మరీ చిన్నవాళ్లకు న్యాప్స్, ఇరవై దాటినవాళ్లకు ఇది సరిపోతుందని నా అంచనా.

ఎక్కడ మొదలుపెట్టాలి?

అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో సంస్థ పేరు, పాన్, బ్యాంకు వివరాలతో రిజిస్టర్ అవ్వాలి. తర్వాత ఏ ట్రేడ్‌లో ఎంతమంది కావాలో పెట్టాలి. కుర్రాడు కూడా ఆధార్‌తో అదే పోర్టల్‌లో రిజిస్టర్ అయి ఉండాలి. ఇద్దరూ ఒప్పుకున్నాక కాంట్రాక్ట్ అక్కడే తయారవుతుంది. కుర్రాడికి 18 ఏళ్లు నిండకపోతే తల్లిదండ్రులో, సంరక్షకులో సంతకం పెట్టాలి.

కంప్యూటర్ పని మీ వల్ల కాదనుకుంటే దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐకి వెళ్లి ప్రిన్సిపాల్‌ని గానీ, ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని గానీ కలవండి. ఫోన్ కంటే మనిషి వెళ్తే పని త్వరగా అవుతుంది. పైగా ఆ వెళ్లినప్పుడే వర్క్‌షాప్ చూసి, ఏ బ్యాచ్ బాగుందో ఇన్‌స్ట్రక్టర్‌ని అడగొచ్చు. మార్కుల మెమోలో లేని సంగతులు ఆయన చెబుతారు. ప్రతి నెలా రెండో సోమవారం ప్రధానమంత్రి జాతీయ అప్రెంటిస్‌షిప్ మేళాలు జరుగుతుంటాయి. చిన్న యూనిట్లు కూడా అక్కడ టేబుల్ వేసుకుని కుర్రాళ్లతో నేరుగా మాట్లాడొచ్చు.

మేళాకు వెళ్లే కుర్రాళ్లకు ఒక మాట. ఐటీఐ సర్టిఫికెట్, టెన్త్ మెమో, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు రెండేసి సెట్లు పెట్టుకోండి. ఒరిజినల్స్ చూపించండి, ఎవరికీ ఇచ్చి రాకండి. ఓనర్ ‘పోర్టల్‌లో కాంట్రాక్ట్ వేస్తాం’ అన్నాడా, ‘ముందు జాయిన్ అవ్వు, చూద్దాం’ అన్నాడా.. అది అక్కడే అడిగి తెలుసుకోండి. కాంట్రాక్ట్ ఉంటేనే శిక్షణ అయ్యాక పరీక్ష రాసి నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చుకునే వీలుంటుంది. ‘ఎక్స్‌పీరియన్స్ ఉందా?’ అని తర్వాతి గేటు దగ్గర అడిగినప్పుడు చూపించాల్సింది ఆ కాగితమే.